సమస్యాపూరణం: ఒకటి రెండు మూడు నొకటె యయ్యె

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం.

ఒకటి రెండు మూడు నొకటె యయ్యె

పూరణ ప్రోగ్రామింగ్‌కి సంబంధించి ఉండాలి. జాబితాలో వరుసగా వచ్చిన సంఖ్యలను 1-3 లాంటి ఒక్క రేంజ్‌గా కుదించడమే విషయం. ప్రింట్ ఇచ్చేటప్పుడు పేజీలు 1-3,5,8-10 అని రాస్తాం. లైనక్స్‌లో ప్రోగ్రామ్ ఏ ప్రాసెసర్ల మీద నడవాలో చెప్పే టాస్క్‌సెట్ ఆదేశానికి -c తో 0-3,7 అని ఇస్తే ఐదు ప్రాసెసర్లని అర్థం చేసుకుంటుంది. ఆ రాతే ఇది. గణాలు, యతి ఎలాగూ చూస్తాను. మీరు చెప్పిన పద్ధతి నిజంగా నడుస్తుందా లేదా అన్నదీ అంతే గట్టిగా చూస్తాను.

అక్షరప్రియ:
వరుస తప్పకుండ వచ్చిన యంకెలన్
మొదలు తుదల నిల్పి ముడిని వేయ
జంటగాను మాఱె జాబితా యంతయు
ఒకటి రెండు మూడు నొకటె యయ్యె

నిర్వాహకుడు:
అక్షరప్రియ గారూ, చక్కని ధార. 'మొదలు తుదల నిల్పి' అన్న మాటలో అసలు కిటుకంతా ఉంది. మధ్యలో వెయ్యి సంఖ్యలున్నా మనం దాచుకునేవి రెండే. మూడో పాదం చివర 'అంతయు' తర్వాత అచ్చు వచ్చి విసంధి అవుతోంది. నాలుగో పాదాన్ని 'నొకటి' అని మొదలుపెడితే సరిపోతుంది, యతికీ ఇబ్బంది లేదు. జాబితా మధ్యలో తెగితే ఏం చేయాలో మాత్రం పద్యం చెప్పలేదు.

గణకుడు:
విలువ నుండి చోటు విడదీసి చూడగా
శేషమొకటె వచ్చు చేరువైన
సంఖ్య లెల్ల చేరు సరి యొక్క గుంపుగా
నొకటి రెండు మూడు నొకటె యయ్యె

వివరణ: జాబితా 1, 2, 3, 7, 8, 12 అనుకోండి. చోట్లు 0 నుంచి 5 దాకా. ఒక్కో విలువలోంచి దాని చోటు తీసేస్తే 1, 1, 1, 4, 4, 7 వస్తాయి. ఒకే శేషం ఉన్నవి ఒక గుంపు. ఫలితం 1-3, 7-8, 12. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష రెండో వెర్షన్ డాక్యుమెంటేషన్‌లో, పక్కపక్కన ఉన్న ఒకేలాంటివాటిని గుంపు కట్టే గ్రూప్‌బైకి ఉదాహరణగా ఇచ్చింది ఈ పద్ధతినే.

నిర్వాహకుడు:
గణకుడు గారూ, అద్భుతం! విలువా చోటూ కలిసి ఒక్కో అడుగు ముందుకేస్తున్నంతసేపు తేడా కదలదు. అంత చిన్న విషయాన్ని పట్టుకుని పద్యంలో పెట్టారు. రెండో పాదంలో శే-చే యతి కూడా సరిగ్గా కుదిరింది.

సంఖ్యాలోలుడు:
పద్యం నాకూ చాలా నచ్చింది. కానీ ఒక్క సందేహం. 1, 2, 2, 4 ఇస్తే?

గణకుడు:
శేషాలు 1, 1, 0, 1. గ్రూప్‌బై పక్కపక్కన ఉన్నవాటినే కలుపుతుంది కాబట్టి 1-2, 2, 4 అని వస్తుంది. 2 రెండుసార్లు పడుతుంది, అంతే.

సంఖ్యాలోలుడు:
అదే శేషాన్ని కీగా (గుర్తుగా) పెట్టుకుని డిక్షనరీలో, అంటే ఒకే కీ ఉన్నవన్నీ ఎక్కడున్నా ఒకేచోట దాచే పట్టికలో, వేస్తే? 1, 2, 4 మూడూ ఒకే గుంపులో పడతాయి. మొదలు 1, తుది 4 కాబట్టి 1-4 అని రాసేస్తాం. జాబితాలో లేని 3 వచ్చి కూర్చుంటుంది! ముందు నకళ్ళు తీసేసి, ఆరోహణ క్రమంలో పేర్చి, ఆ తర్వాతే ఈ పని మొదలుపెట్టాలి. పద్యంలో 'చేరువైన' ఉంది గానీ ఈ రెండు షరతులూ లేవు.

నిర్వాహకుడు:
చాలా విలువైన మాట. తప్పు జవాబు చూడటానికి సరైనదానిలాగే ఉంటే పట్టుకోవడం ఎంత కష్టమో ఈ పని చేసేవాళ్ళందరికీ తెలుసు.

మధుకరం:
నాది మామూలు లూప్ పద్ధతి, అంటే జాబితాలో ఒక్కో సంఖ్యనూ వరుసగా చూస్తూ పోవడం.

ముందు దాని కన్న నొకటి యెక్కువ యైన
తెగిన చోట కొత్త తెరువు పట్టు
చివరి గుంపు కూడ చేర్చిన యప్పుడే
యొకటి రెండు మూడు నొకటె యయ్యె

నిర్వాహకుడు:
మధుకరం గారూ, మొదటి పాదంలో ము-నొ యతి చెల్లదు. పైగా ఒకటి ఎక్కువైతే ఏం చేయాలో చెప్పకుండానే తెగిన చోటికి వెళ్ళిపోయారు, అన్వయం కుదరలేదు. ఇలా మార్చి చూడండి:

ఒకటి పెరుగు మేర నొక గుంపుగా నుంచి

ఇక మీ మూడో పాదం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. లూప్ రాసేటప్పుడు వరుస తెగినప్పుడల్లా అప్పటిదాకా పట్టుకున్న గుంపును బయటికి రాస్తాం. చివరి గుంపు తర్వాత తెగడం అంటూ ఉండదు, జాబితానే అయిపోతుంది. కాబట్టి లూప్ బయట ఇంకోసారి రాయకపోతే ఆ గుంపు పోతుంది. మన సమస్యలో ఉన్న 1, 2, 3నే ఇచ్చి చూడండి. ఎక్కడా తెగదు గనక అసలేమీ బయటికి రాదు. మూడు ఒకటి అవ్వాల్సింది పోయి సున్నా అవుతుంది! ఈ మెళకువను పద్యంలో పెట్టింది మీరొక్కరే.

మధుకరం:
ధన్యవాదాలండీ. సవరణ స్వీకరించాను. ఖాళీ జాబితా వస్తే మాత్రం ఆ చివరి రాత జరగకూడదు, అక్కడ ముందే ఒక తనిఖీ పెట్టుకోవాలి.

అక్షరప్రియ:
రుణసంఖ్యల మాటేమిటండీ? మైనస్ 3 నుంచి మైనస్ 1 దాకా అయితే -3--1 అవుతుంది. చదివే ప్రోగ్రామ్‌కి ఏది మైనస్, ఏది నడిమి గీత?

గణకుడు:
అలాంటిచోట గీత బదులు వేరే గుర్తు మేలు. సర్వర్‌లోని మెయిళ్ళను చదివే పద్ధతి ఐమ్యాప్‌లో మెయిళ్ళ వరుసకు 1:3 అని కోలన్ వాడతారు. ఇంకో జాగ్రత్త: పైథాన్‌లో రేంజ్(1, 4) అంటేనే 1, 2, 3. తుది సంఖ్య దాంట్లో కలవదు. 1-3ని తిరిగి విప్పేటప్పుడు తుదికి ఒకటి కలపాలి.

సంఖ్యాలోలుడు:
7, 8 లాంటి జంటను 7-8 అనాలా, 7,8 అనాలా? పొడవు రెండింటికీ ఒకటే కదా.

నిర్వాహకుడు:
మనుషులు చదివేదైతే 7,8 అనే రాస్తాను, గీత చూడగానే మధ్యలో ఇంకేవో ఉన్నాయనిపిస్తుంది. ప్రోగ్రామ్ చదివేదైతే 7-8 అన్నా నష్టం లేదు. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడండి. గణకుడు గారూ, ఆ రెండు షరతులతో ఇంకో పూరణ రాయగలరా? ఎదురుచూస్తుంటాను.