1989లో లూలా బదులు బ్రిజోలా రెండో రౌండ్‌కి వెళ్లుంటే?

తుంగభద్ర:
చాలా రోజులుగా బుర్ర తొలుస్తున్న ప్రశ్న ఇది. 1989 నవంబర్ 15న బ్రెజిల్ జనం 29 ఏళ్ల తర్వాత మళ్లీ నేరుగా అధ్యక్షుడి కోసం ఓటేశారు. మితవాదుల మద్దతున్న కోలోర్ మొదట, కార్మిక నాయకుడు లూలా రెండు, పాత తరం వామపక్ష నాయకుడు లియోనెల్ బ్రిజోలా మూడు. మొదటి ఇద్దరికే రెండో రౌండ్. లూలాకీ బ్రిజోలాకీ చెరో కోటీ పది లక్షలకు పైగా వస్తే, ఇద్దరి మధ్య తేడా నాలుగున్నర లక్షలు. లూలా రెండో రౌండ్‌కి వెళ్లి డిసెంబర్ 17న 47-53తో ఓడిపోయారు. ఆ కాసిని ఓట్లు అటు పడుంటే బ్రిజోలా కోలోర్‌ని ఓడించేవారని నా నమ్మకం.

1961 గుర్తు చేసుకోండి. అధ్యక్షుడు క్వాద్రోస్ హఠాత్తుగా రాజీనామా చేస్తే, ఉపాధ్యక్షుడు గౌలార్ట్‌ని కుర్చీ ఎక్కనివ్వమని సైనిక మంత్రులు అడ్డం తిరిగారు. గౌలార్ట్ అంటే బ్రిజోలా భార్యకి అన్న. రియో గ్రాందే దొ సుల్ గవర్నర్‌గా ఉన్న బ్రిజోలా పోర్తో అలెగ్రేలో రేడియో గ్వాయిబాని చేతిలోకి తీసుకుని, గవర్నర్ భవనం నేలమాళిగలో మైకు పెట్టించి మాట్లాడుతూనే ఉన్నారు, బయట జనం గుమిగూడి నిలబడ్డారు, చివరికి ఆ ప్రాంతపు సైన్యం, థర్డ్ ఆర్మీ, కమాండరే ఆయన వైపు వచ్చేశాడు. అంతటి మనిషి టీవీ డిబేట్‌లో కోలోర్ ముందు తడబడేవారా?

మిరపతోట:
అన్నా, మైకు సంగతి ఒప్పుకుంటా, కానీ లెక్క చూడు. మొదటి రౌండ్‌లో సొంత రాష్ట్రంలో ఆయనకి 60 శాతం పైన, రియోలో సగానికి పైన వచ్చాయి. సావో పాలోలో? రెండు శాతం కూడా రాలేదు. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ ఓటర్లున్న రాష్ట్రం అది. అక్కడ జెండా పట్టుకునే మనిషి లేకుండా కోలోర్‌ని ఎలా కొడతాడు?

తుంగభద్ర:
తమ్ముడూ, రెండో రౌండ్‌లో బ్రిజోలా తన ఓట్లని లూలాకి దాదాపు మొత్తంగా అప్పజెప్పారు, లూలాని 'గడ్డం కప్ప' అన్న నోటితోనే ఆయనకి ఓటెయ్యమన్నారు. రియోలో లూలాకి 70 శాతం దాటింది అందుకే. లూలా కూడా అదే చేసేవారు కదా.

మిరపతోట:
లూలా చెప్పేవారేమో, కార్మికులు వినాలిగా. బ్రిజోలా తనని పాత అధ్యక్షుడు వర్గాస్ వారసుడిగా చెప్పుకున్నారు. వర్గాస్ కాలపు చట్టాలు యూనియన్లని కార్మిక శాఖ గుప్పిట్లో పెట్టాయి. సావో పాలో పక్కనున్న ఫ్యాక్టరీ ఊళ్లలో 1970ల చివర లూలా వెంట సమ్మెలు చేసిన వాళ్లు కొట్లాడింది ఆ గుప్పిటి నుంచి బయటపడటానికే. వాళ్ల కళ్లకి బ్రిజోలా పాతకాలం దొరలా కనిపించేవారు.

సీతాఫలం:
మీరిద్దరూ ఒక్క రాత్రి ఫలితం దగ్గరే ఆగిపోయారండీ. నాకు అంతకన్నా పెద్ద ప్రశ్న లూలా ఏమయ్యేవారన్నది. 1989లో రెండో స్థానం దక్కడం వల్లే ఆయన వామపక్షానికంతటికీ ముఖం అయ్యారు. 1994, 1998లో ఓడినా 2002లో గెలిచేదాకా ఆయన్ని పక్కకి నెట్టే వాళ్లు లేకపోయారు. మూడో స్థానంలో ఆగిపోయుంటే ఆ జాగా బ్రిజోలాదే. జరిగిందేమిటి? 1994లో బ్రిజోలాకి మూడు శాతం చిల్లర ఓట్లు, 1998లో అదే లూలా కింద ఉపాధ్యక్ష అభ్యర్థి. ఆ నాలుగున్నర లక్షలు ఒకరిని పైకి లేపి ఇంకొకరిని ముంచేశాయి.

నాకైతే అసలు దెబ్బ 1980లోనే పడిందనిపిస్తుంది. 1964 సైనిక తిరుగుబాటు తర్వాతి ప్రవాసం నుంచి తిరిగొచ్చాక ఆయన పాత పార్టీ పేరు, పీటీబీ, కోర్టు ఇంకొకరికి ఇచ్చేసింది. ఆ మూడక్షరాలు కాగితం మీద రాసి, కెమెరాల ముందు చింపేసి ఏడ్చారు. ఆ తర్వాత పీడీటీ అని కొత్త పార్టీని మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చింది. పాత పేరు చేతిలో ఉండుంటే సావో పాలోలో రెండు శాతం దగ్గర ఆగేవారా?

మిరపతోట:
మేడం, ఈ మాట నేను ఆలోచించలేదు. నిజమే, ఆ పేరు తెలిసిన ముసలివాళ్లు సావో పాలోలోనూ ఉన్నారు. అయినా ఒక సందేహం. గెలిచినా ఏం చేసేవారు? ధరలు ఏడాదిలో పది రెట్లకు పైగా పెరిగిన కాలం, కాంగ్రెస్‌లో ఆయన పార్టీకి గుప్పెడు సీట్లు. 1962లో అమెరికన్ టెలిఫోన్ కంపెనీని రాష్ట్రపరం చేసిన మనిషంటే అప్పులిచ్చిన బ్యాంకులకి ఎంత టెన్షన్!

తుంగభద్ర:
కష్టమే, కాదనను. కానీ కోలోర్ చేసిందేమిటి, 1990 మార్చిలో జనం బ్యాంకుల్లో దాచుకున్న డబ్బు స్తంభింపజేశాడు, 1992లో అవినీతి కేసులో పదవి పోగొట్టుకున్నాడు. బ్రిజోలా రియోలో గవర్నర్‌గా ఉండగా విద్యావేత్త దార్సీ రిబేరో ఆలోచనతో, వాస్తుశిల్పి నీమేయర్ గీసిన నమూనాతో బడులు కట్టించారు. పిల్లలు పొద్దున వచ్చి సాయంత్రం దాకా అక్కడే చదువు, అక్కడే తిండి, అక్కడే స్నానం, ఇంటికెళ్లేసరికి కడుపు నిండి ఉండేది. ధరలు ఆయనా ఆపలేకపోయేవారేమో, ఆ బడులు మాత్రం దేశమంతా మొదలయ్యేవి. నేను ఓటేస్తే దానికే వేసేవాణ్ణి.