వేలంలో పాడి డబ్బు కట్టకపోతే: ఆ కలెక్షన్ నోటీసుకి విలువెంత?

వశిష్ఠగట్టు
నరసాపురం, పాలకొల్లు, కాకినాడ జగన్నాథపురంలో ఒకప్పుడు డచ్చివాళ్ల వర్తకం సాగింది కాబట్టి, నాణేలు పోగేసే మనవాళ్లకి డచ్చి కంపెనీ డుయిట్‌లనే చిన్న రాగి నాణేల మీద మోజెక్కువ. అవి నెదర్లాండ్స్ వేలాల్లో తరచూ వస్తాయి. ఫోన్లోనే పాడేస్తారు, ఇన్వాయిస్ చూశాక గుండె గుభేలుమంటుంది. ఉదాహరణకి 180 యూరోల పాట, కొనుగోలుదారు కమీషన్ 25 శాతం అంటే 45, పోస్టేజీ 35, మొత్తం 260. ఇక్కడి కస్టమ్స్ సుంకం వేరే. కట్టకుండా ఊరుకుంటే కొన్నాళ్లకి కలెక్షన్ ఏజెన్సీ మెయిల్ దిగుతుంది: వడ్డీ, వసూలు ఖర్చు, లాయరు ఫీజు కలిపి 484 కట్టు, లేదంటే కోర్టు, పోలీసు, సిబిల్.

కట్టాలా, పక్కన పడెయ్యాలా? నా మాట: పాడినవాడు కట్టాలి. ఊరి చెరువు పాటలో వెనక్కి తగ్గితే ధరావతు పోతుంది, మళ్లీ పాట పెట్టి తగ్గిన తేడా కూడా పాత పాటదారు నెత్తినే వేస్తారు. ఇక్కడ ధరావతు లేదు కదా అని ఎగ్గొట్టడం ఏం మర్యాదండి?

లాకుసెంటర్
మర్యాద సంగతి ఒప్పుకున్నానండి. మరి కట్టాల్సింది ఎంత? మీ చెరువు పాట లెక్కే వేద్దాం. నాణెం ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. రెండోసారి 140కి పోయిందనుకోండి. పాటలో తగ్గింది 40, దాని మీద కమీషన్ 10, వెరసి 50 యూరోలు, పైన మళ్లీ పాట పెట్టిన ఖర్చు. పోస్టేజీ 35 అసలు ఖర్చే కాలేదు. ఇంక 484 ఎక్కణ్ణుంచి ఊడిపడింది? మన కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 74 అయితే, ముందే రాసుకున్న జరిమానా ఉన్నా సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది. వాళ్ల నిబంధనల్లో వాళ్ల దేశ చట్టం అని ఉంటుంది, నిజమే. అప్పుడు కూడా ఆ లెక్క తేల్చాల్సింది అక్కడి జడ్జి, మెయిల్ రాసిన ఏజెంటు కాదు.

సిబిల్ మాట ఒట్టి గాలి. ఆ వివరాలు పంపేది బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల్లాంటి రుణసంస్థలు. పోలీసు మాటా అంతే, ఇది సివిల్ బాకీ. కట్టే శక్తి లేనివాణ్ణి డిక్రీ ఉన్నా సరే జైల్లో పెట్టకూడదని సుప్రీంకోర్టు 1980లోనే జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది.

కోనసీమప్లీడరు
కోర్టు సంగతి నేను చెబుతాను. నెదర్లాండ్స్, ఫ్రాన్స్, జర్మనీ, అమెరికా మన సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) సెక్షన్ 44ఏ కింద ప్రకటించిన దేశాల్లో లేవు. అక్కడి తీర్పు పట్టుకుని నేరుగా అమలాపురంలో జప్తుకి రాలేరు. ఆ తీర్పు మీద ఇక్కడ కొత్త దావా వెయ్యాలి, అదీ తీర్పు తేదీ నుంచి 3 ఏళ్లలోపు. బ్రిటన్, సింగపూర్, యూఏఈ వేరు. ఆ దేశాల్లో నోటిఫై చేసిన కోర్టుల డిక్రీ అయితే మన జిల్లా కోర్టులోనే అమలుకి పెట్టొచ్చు.

విదేశీ కోర్టు సమన్లని వాట్సాప్‌లో వచ్చిన కాగితం చూసి హడలిపోవద్దు. కోర్టు కాగితాలు ఒక దేశం నుంచి ఇంకో దేశంలో అందజేసే హేగ్ సర్వీస్ ఒప్పందంలో, నేరుగా పోస్టులో పంపే పద్ధతికి కూడా భారత్ అభ్యంతరం చెప్పింది. సమన్లు కేంద్ర న్యాయశాఖ ద్వారా రావాలి.

పోనీ ఇక్కడే దావా వేస్తారా? మనదేశంలో చాలినంత స్థిరాస్తి లేని విదేశీ వాది ఒక్కడే అయితే, సీపీసీ ఆర్డర్ 25 కింద ప్రతివాది ఖర్చులకి సెక్యూరిటీ కట్టాలి. 260 యూరోల కోసం ఎవరు దిగుతారండి! ఒప్పందం విదేశంలో కుదిరినా, ఇక్కడ దావాకి ఇక్కడి కాలపరిమితే, 3 ఏళ్లు. అయితే ఒక గొయ్యి ఉంది. గడువు లోపల బాకీ ఒప్పుకుని సంతకంతో రాసినా, 20 యూరోలు జమ చేసి ఆ సంగతి రాసి సంతకం పెట్టినా ఆ 3 ఏళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్క. గడువు దాటాక కడతానని సంతకంతో రాసిస్తే కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 25(3) కింద అదే కొత్త ఒప్పందం.

వశిష్ఠగట్టు
ప్లీడరుగారూ, ఎగ్గొట్టేవాళ్లకి దారి చూపిస్తున్నట్టుందండి.

కోనసీమప్లీడరు
భయపడి ఎవడికి పడితే వాడికి కట్టకండి అంటున్నానంతే.

యానాంఅవతల
మీరంతా ఆస్తి ఇక్కడే ఉందనుకుని మాట్లాడుతున్నారు. యానాంలో ఫ్రెంచి పౌరసత్వం, ఫ్రాన్సులో బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లున్నారు. వాళ్ల విషయంలో అక్కడి తీర్పు అక్కడి ఖాతా మీదే అమలవుతుంది, 44ఏతో పనే లేదు. అయితే ఫ్రెంచి బహిరంగ వేలాల్లో ఒక నియమం ఉంది. పాటదారు కట్టనప్పుడు మళ్లీ పాట పెట్టమని అమ్మకందారు 3 నెలల్లో అడగకపోతే అమ్మకం దానంతటదే రద్దు. నష్టపరిహారం అడిగే హక్కు మాత్రం మిగులుతుంది.

ఇంతకంటే పెద్ద ముప్పు అమెరికాలో ఉన్న అల్లుడి అకౌంటుతో పాడటం. బాకీ అల్లుడి పేరున పడుతుంది, ఏజెన్సీ అతని వెంట పడుతుంది, క్రెడిట్ రిపోర్టు దెబ్బతినేదీ అతనిదే. అక్కడి చట్టంలో నోటీసు అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, ఏజెన్సీ రుజువు పంపేదాకా వసూలు ఆపాలి. మామగారు మొహమాటపడి నోటీసు మాట దాచారో, ఆ 30 రోజులూ గోదాట్లో కలిసినట్టే.

పిచ్చుకలంక
ముందు ఆ ఏజెన్సీ అసలుదో కాదో చూడండి. మెయిల్లోని లింకు నొక్కొద్దు. వేలం సంస్థ సైటుకి విడిగా వెళ్లి, ఇన్వాయిస్ నంబరు, లాట్ నంబరు (వేలంలో ఆ వస్తువుకిచ్చిన నంబరు) చెప్పి, ఈ బాకీ ఫలానా వాళ్లకి అప్పగించారా అని అడగండి. పాత పాటల ధరలు సైటులో పెడితే లాట్ రెండోసారి ఎంతకి పోయిందో అక్కడే తెలుస్తుంది. యూరోల బాకీకి ఎవరిదో సొంత యూపీఐ ఐడీ ఇచ్చినా, క్రిప్టో అడిగినా, వీడియో కాల్లో అరెస్టన్నా మోసమే. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యడమే. ఈబేలో అయితే 4 రోజుల్లో కట్టకపోతే అమ్మకందారు ఆర్డరు రద్దు చేసుకోవచ్చు. ఆ మచ్చ అకౌంటు మీద ఉంటుంది, అలాంటివి పోగైతే చాలామంది అమ్మకందారులు పాడనివ్వరు.

వశిష్ఠగట్టు
సరే, 484 నేనూ కట్టమనను. వేలం సంస్థకి నేరుగా ఇలా రాస్తే? "లాట్ 412 పాడింది నేనే. మళ్లీ ఎంతకి పోయిందో కాగితం పంపండి. నేను బాకీ ఉన్న తేడా చెల్లిస్తాను."

కోనసీమప్లీడరు
మూడో వాక్యం కొట్టెయ్యండి, అది బాకీ ఒప్పుకున్నట్టే. "రాజీ కోసం, నా హక్కులు వదులుకోకుండా, 50 యూరోలు ఇవ్వజూపుతున్నాను, దీంతో మొత్తం వివాదం ముగిసినట్టు రాసివ్వాలి" అని పెట్టండి. పైన 'వితౌట్ ప్రిజుడిస్' అని రాయండి. ఆ రాత చేతికొచ్చాకే డబ్బు పంపండి.