కుటుంబ ట్రస్టు గ్రాంటులో జీతాలకు పది శాతమేనా?

కదిరి కార్యకర్త:
ఒక కుటుంబ ఫౌండేషన్ చిన్న సంస్థలకు గ్రాంట్లిస్తామని ప్రకటించింది. జీతాలు, ఆఫీసు ఖర్చు కలిపి 10 శాతం దాటకూడదట. మేం నడిపేది సాయంత్రం బడి. టీచరమ్మకిచ్చే జీతమే మా ఖర్చంతా. పలకలు కొని ఎవరి చేతికివ్వాలి? ఈ షరతు న్యాయమేనా?

పాతఖాతా:
న్యాయమే. మా నాన్నగారి పేరున చిన్న ట్రస్టు నడుపుతున్నాను, ఇచ్చేవాళ్ల బాధ నాకు తెలుసు. ఒక సంస్థకు లైబ్రరీ కోసమని ఇచ్చాం. కొన్నాళ్లకు వెళ్లి చూస్తే బీరువాకు తాళం, చెవి ఎవరి దగ్గరుందో అక్కడ ఎవరికీ తెలీదు. డబ్బంతా ‘గౌరవ వేతనం’ కింద అయిపోయింది. విదేశీ విరాళాల్లో పాలనా ఖర్చు పరిమితిని ప్రభుత్వమే 2020లో చట్టం సవరించి 50 నుంచి 20 శాతానికి దించింది. ఊరికే దించుతారా?

కదిరి కార్యకర్త:
ఆ 20 శాతంలోకి బడిలో టీచర్ జీతం, ఆసుపత్రిలో డాక్టర్ జీతం రావు సార్. రూల్సులోనే ఉంది. మీరు న్యాయమంటున్న 10 శాతంలోకి మాత్రం ఆయా కూడా వస్తుంది. ఇంకోటి, అదే సవరణలో పెద్ద సంస్థలు తమకొచ్చిన విదేశీ సొమ్ము మాలాంటి వాళ్లకు పంచడం నిషేధించారు. అప్పటిదాకా మాకున్న దారి అదే. ఇక మీలాంటి ట్రస్టుల గడపే కదా తొక్కాలి.

గోదారోడు:
రిపోర్టు తెలుగులో ఇస్తే తీసుకుంటారా? ముందది చెప్పండి.

పాతఖాతా:
భాషతో పేచీ లేదు, బిల్లులతోనే. ఆటోకి వోచర్, టీకి వోచర్, అన్నీ ఒకే చేతిరాత.

కదిరి కార్యకర్త:
మా ఊరి ఆటోవాడు బిల్లుబుక్కు పెట్టుకు తిరుగుతాడా?

పాతఖాతా:
పేరు, ఫోన్ నంబరు రాసి సంతకం పెట్టించొచ్చుగా.

పల్లెపిల్ల:
ఇద్దరూ ఆటో దిగండి ముందు.

కదిరి కార్యకర్త:
పోయినేడు ఒక దాత కొడుకు వచ్చి, పిల్లల్ని ఎండలో నిలబెట్టి పెద్ద చెక్కుతో ఫొటోలు తీయించుకున్నాడు. బోర్డు మీద వాళ్ల తాతగారి పేరు చిన్నదైందని రెండో విడత ఆపేశారు. ఆ బోర్డు ఖర్చూ మా 10 శాతంలోంచే పోయింది. దానికి బిల్లుంది లెండి.

పాతఖాతా:
ఎవడో చేశాడని అందర్నీ అంటారేం? 2023 ఫైనాన్స్ చట్టం వచ్చాక, ఇంకో ట్రస్టుకు 100 ఇస్తే మా పన్ను లెక్కలో 85 మాత్రమే ధర్మకార్యానికి పెట్టిన ఖర్చు కింద చూస్తారు. ఇచ్చి నష్టపోయేది మేం, మాటలు పడేదీ మేమే. మా డబ్బు ఎలా ఇవ్వాలో మీరు చెప్తారా?

కదిరి కార్యకర్త:
అదీ, ఇప్పటికి బయటికొచ్చింది. మీ డబ్బా? పన్ను మినహాయింపు తీసుకుంటున్నారు కాబట్టే ఆదాయంలో 85 శాతం ధర్మకార్యానికి వాడమని చట్టం అడుగుతోంది. ఇంట్లో బీరువాలో డబ్బును అలా అడగదే? ట్రస్టులో పడ్డాక మీరు దానికి ధర్మకర్త మాత్రమే.

పాతఖాతా:
ధర్మకర్తను కాబట్టే లెక్క అడుగుతున్నా. నా సొంత డబ్బైతే నీ మొహం చూసి ఇచ్చేసి మర్చిపోయేవాణ్ణి.

మోడరేటర్:
ఏకవచనాలొద్దు.

పల్లెపిల్ల:
అమెరికాలో మెకెంజీ స్కాట్ అనే సంపన్న దాత వందల కోట్ల డాలర్లు ఇస్తోంది. దేనికి వాడాలో సంస్థల ఇష్టానికే వదిలేస్తుంది. అక్కడ మునిగిపోయిందేముంది?

పాతఖాతా:
ఇచ్చేముందు ఆమె మనుషులు గుట్టుగా ఎంత ఆరా తీస్తారో అదీ చెప్పండమ్మా. నాకు అంత సిబ్బంది ఎక్కణ్ణుంచి వస్తారు?

కదిరి కార్యకర్త:
అంటే మనిషి లేకపోతే మీకు పని జరగదు. మాకు మాత్రం జరగాలి.

పాతఖాతా:
మా ట్రస్టులో ఒక్కరూ జీతం తీసుకోరు. ఈ వయసులో ఊరూరా నేనే తిరిగి చూసొస్తున్నా.

కదిరి కార్యకర్త:
మీకు పెన్షనొస్తుంది సార్. మా టీచరమ్మకు మేమిచ్చేదే.

గోదారోడు:
పాతఖాతా గారూ, ఊరూరా తిరిగారు కదా, ఆటో బిల్లులున్నాయా?

పాతఖాతా:
ఆర్టీసీ బస్సులో తిరిగాను. టిక్కెట్లన్నీ ఫైల్లో ఉన్నాయి.