చర్చ: ఇండోనేషియా కుర్రకారుకి మనుషుల మీద నమ్మకం పోయిందా?

జకార్తా బాబాయి (చర్చ మొదలుపెట్టింది నేనే):

రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. ప్రపంచ విలువల సర్వే వాళ్లు 2018లో ఇండోనేషియాలో ఒక పాత ప్రశ్న అడిగారు: "మొత్తమ్మీద మనుషుల్ని నమ్మొచ్చా, లేక జనంతో జాగ్రత్తగా మెలగాలా?" నమ్మొచ్చన్నవాళ్లు నూటికి ఐదుగురు, అటూ ఇటూగా. ప్రపంచంలో అట్టడుగు వరస. ఇక బ్రిటన్‌లోని చారిటీస్ ఎయిడ్ ఫౌండేషన్ వేసే దాతృత్వ సూచీలో 2024లో అదే ఇండోనేషియా మొదటి స్థానం, అదీ వరసగా ఏడోసారి. అంతకుముందు నెలలో ఎంతోకొంత దానం చేశామన్నవాళ్లు నూటికి 90 మంది. మనుషుల్ని నమ్మనివాడు ముక్కూమొహం తెలియనివాడికి డబ్బులెందుకిస్తాడు?

మొదటి లెక్క ఒక్కటే పట్టుకుని "ఫోన్లొచ్చి అక్కడి కుర్రాళ్లు చెడిపోయారు" అని పోయిన వారం ఇక్కడ ఒకాయన తేల్చేశారు. నేను ఆరేళ్లు దక్షిణ జకార్తాలో ఉద్యోగం చేసొచ్చాను. నాకు అలా అనిపించలేదు. వాళ్లు జనం మీద పెట్టే నమ్మకాన్ని తీసి ఏర్పాటు మీద పెట్టుకున్నారు, అంతే.

రెక్‌బెర్ సంగతి చెప్తా. రెకెనింగ్ బెర్సామా, అంటే ఉమ్మడి ఖాతా. 1999లో మొదలైన కస్కుస్ అనే ఆన్‌లైన్ వేదికలో పాత కెమెరాలు, ఫోన్లు, బొమ్మలు అమ్ముకునేవాళ్లు. కొనేవాడు సురబాయాలో, అమ్మేవాడు మెదాన్‌లో. ముందు డబ్బా, ముందు సరుకా? ఇద్దరికీ భయమే. మధ్యలో మూడోవాడొకడు ఉంటాడు. డబ్బు వాడి ఖాతాలో పడుతుంది, "వచ్చింది, పంపు" అని అమ్మేవాడికి చెప్తాడు, సరుకు చేరిందని కొన్నవాడు ఒప్పుకున్నాక చిన్న రుసుము పట్టుకుని మిగతాది వదులుతాడు. ఆ మూడోవాడూ ముక్కూమొహం తెలియనివాడే! వేదికలో ఏళ్ల తరబడి తెచ్చుకున్న పేరొక్కటే వాడి పెట్టుబడి. 2009లో వచ్చిన టోకోపీడియా కూడా ఇదే పద్ధతి మీద నడిచింది.

సర్వే సుబ్బారావు:

బాబాయి గారూ, కథ బాగుంది. కానీ మూడు చోట్ల కాలు జారారు.

ఆ ఐదు శాతం అన్ని వయసులవాళ్లదీ. దాన్ని కుర్రకారు నెత్తిన రుద్దడం పోయినవారం పెద్దమనిషి తప్పు. మీరూ అదే లెక్కతో కుర్రకారుని వెనకేసుకొస్తున్నారు. రెండు, దానానికీ నమ్మకానికీ ముడిపెట్టకండి. ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశం, జకాత్ ఇవ్వడం మతధర్మం. మసీదు పెట్టెలో నోటు వేసేవాడు ఎదుటివాణ్ణి నమ్మి వేయడు, దేవుడికి లెక్క చెప్పుకోవాలని వేస్తాడు. మూడోది అసలైనది. రెక్‌బెర్ నమ్మకం కాదు సార్, నమ్మకం లేకపోతే పెట్టుకునే తాళం. ఊళ్లో తాళాలు బాగా అమ్ముడుపోతున్నాయంటే దొంగలు లేరనా అర్థం?

బాండుంగ్ టీచరమ్మ:

నేను బాండుంగ్‌లో కాలేజీలో పాఠాలు చెప్తాను, తొమ్మిదో ఏడు. ఆ సర్వే ప్రశ్న మీదే నాకు పేచీ ఉంది.

"జాగ్రత్తగా ఉండాలి" అన్న మాటకి ఇండోనేషియా భాషలో నోటికొచ్చేది "హాతి-హాతి". ఇది అనుమానపు మాట కాదండీ. మా ఇంటి ఓనరమ్మ నేను గేటు దాటిన ప్రతిసారీ "హాతి-హాతి యా" అంటుంది. మన అమ్మలు "జాగర్త తల్లీ, చేరగానే ఫోన్ చెయ్" అన్నట్టు. బండెక్కేవాడికి, ఊరెళ్లేవాడికి, పరీక్షకెళ్లేవాడికి అదే దీవెన. సర్వే మనిషి గుమ్మంలో నిలబడి "జనంతో హాతి-హాతిగా ఉండాలా" అనడిగితే అక్కర్లేదని చెప్పే మర్యాదస్థుడు ఎవడు?

కుర్రాళ్ల సంగతి నా క్లాసులోంచే చెప్తా. దాదాపు అందరికీ ఇన్‌స్టాలో రెండు ఖాతాలు. దాచుకోరు కూడా, "సెకండ్ అకౌంట్" అని మామూలుగానే అంటారు. ఒకమ్మాయి నాకు రెండూ చూపించింది. మొదటిదాంట్లో పన్నెండొందల మంది, నాలుగే ఫొటోలు: పట్టా పుచ్చుకున్నది, అన్న పెళ్లి, బీచి, ఒక పువ్వు. రెండోదాంట్లో ఇరవైముగ్గురు. అందులో ఏడ్చి ఉబ్బిన కళ్లు, మాడిపోయిన ఇండోమీ నూడుల్స్ గిన్నె, నాన్నతో గొడవపడ్డ రాత్రి పెట్టిన నల్లటి స్క్రీను. "ఇరవైనాలుగో మనిషిని చేర్చుకోవాలంటే?" అనడిగాను. "ముందు వాళ్ల సెకండ్ అకౌంట్‌లో నన్ను చేర్చుకోవాలి మిస్" అంది. ఈ పిల్లకి నమ్మకం లేదంటారా?

సర్వే సుబ్బారావు:

హాతి-హాతి మాట నాకు కొత్త, థాంక్యూ మేడమ్. అయినా ఒకటి తేలడం లేదు. ఇదే ప్రశ్న అదే సర్వే వాళ్లు 2001లోనూ 2006లోనూ అడిగారు. అప్పుడు నమ్మొచ్చన్నవాళ్లు నూటికి నలభై మంది, అటూ ఇటూగా. ఓనరమ్మలు అప్పుడూ హాతి-హాతి అనేవాళ్లే కదా! మాటే కారణమైతే అంతలా ఎందుకు పడిపోయింది?

ఆ ఇరవైముగ్గురి ఖాతా నా వాదనకే బలం. ఇంటివాళ్లనీ దోస్తులనీ ఎవరైనా నమ్ముతారు. బజార్లో ఎదురయ్యేవాడి సంగతే మనం మాట్లాడుకుంటున్నది.

చిల్లరకొట్టు శీను:

అన్నలూ, అక్కా, ఇంత లోతెందుకు? 2021లో మైక్రోసాఫ్ట్ వాళ్లు ఆన్‌లైన్ మర్యాద సర్వే బయటపెడితే 32 దేశాల్లో ఇండోనేషియాకి 29వ స్థానం వచ్చింది. వెంటనే అక్కడి నెటిజన్లు వెళ్లి మైక్రోసాఫ్ట్ ఇన్‌స్టా పేజీలో బూతులు తిట్టారు, దెబ్బకి వాళ్లు కామెంట్లు మూసేసుకున్నారు. "మాకు మర్యాద లేదంటావా" అని మర్యాద లేకుండా నిరూపించారు 😂

జకార్తా బాబాయి:

శీనూ, ఆ సర్వే సగమే చెప్పావు. ఆ సర్వేలో మార్కు దిగజారింది పెద్దవాళ్ల వల్ల. పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లల మార్కు ఉన్నచోటే ఉంది. ఈ ముక్క హెడ్డింగులో పెట్టిన పత్రిక నా కంట పడలేదు, పెద్దవాళ్లు నడిపే పత్రికలు కదా.

సుబ్బారావు గారడిగిన పతనం గురించి. 2006కీ 2018కీ మధ్య ఏం జరిగిందో చూడండి. అహోక్ కేసు చాలదూ? 2016 సెప్టెంబరులో అప్పటి జకార్తా గవర్నరు, క్రైస్తవుడైన అహోక్ ఒక ద్వీపంలో మాట్లాడుతూ, కొందరు కురాన్ వచనం "పాకై" మిమ్మల్ని మోసం చేస్తారని అన్నారు. పాకై అంటే "పెట్టి", "వాడి". వచనం పెట్టి మోసం చేస్తారు. ఆ మాటల్ని అక్షరాల్లోకి ఎక్కించి ఫేస్‌బుక్‌లో పెట్టిన బుని యాని ఆ "పాకై" వదిలేశారు. దాంతో వచనమే మోసం చేస్తుందన్న అర్థం వచ్చింది. ఆ తర్వాత లక్షల మంది రోడ్డెక్కారు, 2017 మేలో దైవదూషణ కింద అహోక్‌కి రెండేళ్ల జైలు, ఆ నవంబరులో బుని యానికి ఏడాదిన్నర. వదిలేసినాయన టిక్‌టాక్ కుర్రాడు కాదు, కాలేజీలో పాఠాలు చెప్పినవాడు. ఆ రెండేళ్లలో మా ఆఫీసు వాట్సాప్ గ్రూపు రెండు ముక్కలైంది, కలిసి భోంచేసేవాళ్లు టేబుళ్లు మార్చారు. జాగ్రత్తగా ఉండాలని ఆ జనం 2018లో అన్నారంటే నాకు ఆశ్చర్యం లేదు.

సర్వే సుబ్బారావు:

అదే నేనూ అంటున్నది. నమ్మకం పడింది. కారణం ఫోను కాదంటే కాదనుకుందాం, పడిందని మాత్రం ఒప్పుకోండి.

బాండుంగ్ టీచరమ్మ:

పెద్దవాళ్లకి పడింది, ఒప్పుకుంటా. బజార్లో ఎదురయ్యేవాడి గురించి అడిగారు కదా, చెప్తా వినండి. 2025 ఆగస్టు 28 రాత్రి జకార్తాలో నిరసనలప్పుడు పోలీసు సాయుధ వాహనం కింద పడి అఫాన్ కుర్నియావాన్ అనే 21 ఏళ్ల ఓజోల్ కుర్రాడు చనిపోయాడు. ఓజోల్ అంటే యాప్‌లో బండి నడిపేవాళ్లు. తర్వాత రోజుల్లో మలేషియా, ఫిలిప్పీన్స్ లాంటి దేశాల్లో కూర్చున్న కుర్రాళ్లు జకార్తా చిరునామాతో యాప్‌లో అన్నం ఆర్డర్ చేశారు. డెలివరీ ఎవరికీ కాదు, "ఇది నీకే, తిను" అని డ్రైవరుకే సందేశం. ఆ డ్రైవరు ఎవరో వీళ్లకి తెలియదు, తిన్నాడో అమ్ముకున్నాడో చూడ్డానికీ లేదు. ఇందులో తాళం ఎక్కడుంది సార్?

సర్వే సుబ్బారావు:

ఒక వారం ఉద్వేగం, మేడమ్. అదే కుర్రకారు ఆన్‌లైన్ ఆరిసాన్లలో మునిగిపోవడం చూశాం. ఆరిసాన్ తెలియనివాళ్ల కోసం: మన చీటీ లాంటిదే, కాకపోతే పాట ఉండదు. పేర్లు చుట్టిన చీటీలు గ్లాసులో వేసి, మూతికి చిల్లు పెట్టిన కాగితం కట్టి ఊపుతారు, రాలినవాళ్లది ఆ నెల డబ్బు. వీధిలో నలుగురూ కళ్ల ముందుంటారు కాబట్టి నడిచింది. ఇన్‌స్టాలోకి వచ్చాక గ్లాసు లేదు, వీధీ లేదు, నడిపినామె డబ్బుతో మాయం. "ఆరిసాన్ బోదోంగ్" అని పేరే పడింది, దొంగ ఆరిసాన్ అని. ఇక పెళ్లి శుభలేఖ అని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్లో దొంగ యాప్ ఎక్కించేది) పంపి ఖాతా ఊడ్చేసే దొంగలు అక్కడా ఉన్నారు, మన దగ్గరా ఉన్నారు.

కొత్తగా చేరా:

మధ్యలో దూరుతున్నందుకు సారీ అండీ. మా అన్నయ్య కొడుకు జకార్తాలో ఉద్యోగంలో చేరబోతున్నాడు. కోస్ అంటారట, గది అద్దెకి. ఇన్‌స్టాలో ఫొటోలు చూసి ఒకటి నచ్చింది. ఓనరు రెండు నెలల అడ్వాన్సు ముందే వేయమంటున్నాడు. వేయొచ్చా?

సర్వే సుబ్బారావు:

వద్దు బాబూ. ఒక్క రూపాయి కూడా.

బాండుంగ్ టీచరమ్మ:

వీడియో కాల్‌లో గది చూపించమనండి. చూపించినా అడ్వాన్సు వేయకండి, వారం రోజులు హోటల్లో దిగి చూసుకోమనండి.

జకార్తా బాబాయి:

ఏ పేట? తెబెత్, కునింగాన్ వైపైతే నా పాత ఆఫీసు కుర్రాడొకడు ఆ పక్కనే ఉంటాడు. ఆదివారం బండి మీద వెళ్లి గది చూసి, కుళాయిలో నీళ్లొస్తున్నాయో లేదో కూడా తిప్పి చూసి చెప్తాడు. మీ అన్నయ్యగారబ్బాయి నంబరు మాత్రం ఇక్కడ పెట్టకండి, నాకు విడిగా మెసేజ్ చేయండి.

సర్వే సుబ్బారావు:

బాబాయి గారూ, మీ కుర్రాడు ఎలాంటివాడో ఆయనకేం తెలుసు?

కొత్తగా చేరా:

మెసేజ్ పెట్టేశానండీ బాబాయి గారూ, చూడండి.