జీతం పడిన వారానికే ఖాతా ఖాళీ: తప్పు కుర్రవాళ్లదా, వాయిదాలదా?

తిరుచానూరు రోడ్డు పెద్దాయన:
శ్రీసిటీలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి జీతమంతా బండికి, ఫోనుకు, ఎయిర్ బైపాస్ రోడ్డు హోటళ్లకు సరిపోతోంది. 24,000 రూపాయల ఫోనును నెలకు 4,000 చొప్పున ఆరు వాయిదాల్లో, అదీ వడ్డీ లేకుండా కొన్నానని గొప్పగా చెబుతున్నాడు. వడ్డీ లేని అప్పు ఎవరైనా ఇస్తారా? ఈ తరానికి పొదుపు ఆలోచనే లేదంటాను. కాదనేవారు కారణం చెప్పాలి.

రేణిగుంట షిఫ్టు:
అయ్యా, ఒకేసారి కట్టినా, ఆరు నెలల్లో కట్టినా ధర ఒకటే అయినప్పుడు, ఆ డబ్బు అన్నాళ్లు మన దగ్గరే ఉండడం లాభమే తప్ప దుబారా ఎలా అవుతుంది?

గాంధీ రోడ్డు లెక్కలు:
ధర ఒకటే కాదు. క్రెడిట్ కార్డు మీద ఏడాదికి 16 శాతం వడ్డీ అనుకుంటే, ఆ ఆరు వాయిదాల్లో వడ్డీ సుమారు 1,080 రూపాయలు ఉంటుంది. అంత మొత్తాన్ని ఫోను ధరలో ముందే తగ్గింపుగా చూపిస్తారు కాబట్టి అది మన కంట పడదు. కానీ ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ, అంటే దాదాపు 195 రూపాయలు, మనమే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది వేరే. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది.

తిరుచానూరు రోడ్డు పెద్దాయన:
చూశారా! వడ్డీ మీద పన్ను ఉందంటే వడ్డీ ఉన్నట్టే కదా.

రేణిగుంట షిఫ్టు:
195 రూపాయలు పట్టుకుని ఒక తరాన్నే తప్పుపడతారా? మా నాన్న పొదుపు పేరుతో తెలిసినాయన దగ్గర రిజిస్ట్రేషన్ లేని చీటీ వేసి, ఆయన రాత్రికి రాత్రే ఊరు విడిచిపోతే, అమ్మ గాజులు కుదువ పెట్టి మా ఫీజులు కట్టారు. ఆ పొదుపు కన్నా నా ఫోను నయం. కనీసం అది నా చేతిలో ఉంది.

గాంధీ రోడ్డు లెక్కలు:
1982 చిట్‌ఫండ్ల చట్టం కింద రిజిస్టరైన చీటీ వేరు, మీరు చెప్పేది వేరు.

తిరుచానూరు రోడ్డు పెద్దాయన:
మోసపోయిన ఒక్కరిని చూపి పొదుపునే వద్దంటే ఎలా? నా మొదటి జీతం కవరు విప్పకుండా మా నాన్నగారి చేతిలో పెట్టాను. మా వాడి జీతం ఎంతో కూడా నాకు తెలియదు.

రేణిగుంట షిఫ్టు:
ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. మీ బాధ వడ్డీ గురించి కాదు, జీతం మీ చేతికి రాలేదని.

తిరుచానూరు రోడ్డు పెద్దాయన:
అవును, అదే! ఇంట్లో పెళ్లీడు ఆడపిల్ల ఉండగా, ఆ డబ్బు అతనొక్కడిదే ఎలా అవుతుంది?

చిత్తూరు చిన్నక్క:
ఆ ఆడపిల్ల కూడా సంపాదిస్తోందా? నేను పెళ్లయ్యేదాకా ఏటీఎం కార్డు ఇంట్లోనే ఇచ్చాను. ఒక్క చీర కొనాలన్నా అడగాల్సి వచ్చింది. దాన్ని పొదుపని మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

రేణిగుంట షిఫ్టు:
చెల్లెలి పెళ్లికి ఎంత కావాలో కూర్చోబెట్టి అడిగితే మీ అబ్బాయి ఇస్తాడేమో, అయ్యా. ఫోను బిల్లు అడిగితే మాత్రం చూపించడు, నేనూ చూపించను.

తిరుచానూరు రోడ్డు పెద్దాయన:
కన్నకొడుకును చెయ్యి చాచి అడగమంటారా? అది నా వల్ల కాదు.