బీరు చేసేముందు దినుసులు రుచి చూడటం వల్ల ఉపయోగం ఉందా?

బార్లీగింజ (మాదాపూర్):
నేను ఒక మైక్రోబ్రూవరీలో (చిన్న మోతాదులో బీరు తయారుచేసే చోటు) అసిస్టెంట్‌గా చేరి ఏడాదైంది. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేయడం మన దగ్గర ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం, కాబట్టి నా ప్రయోగాలన్నీ అక్కడి 20 లీటర్ల ట్రయల్ బ్యాచ్‌లోనే. వచ్చే వారం ధనియాలు, నారింజ తొక్క వేసి బెల్జియన్ విట్ బీరు (ఒక రకం గోధుమ బీరు) చేయాలి. ప్రతి దినుసునూ ముందే నమిలి, వాసన చూసి నోట్సు రాసుకోవడం నా అలవాటు. మా సీనియర్ మాత్రం "మరిగి, పులిశాక ఇవేవీ ఈ రుచిలో ఉండవు, టైమ్ వేస్ట్" అంటారు. మీరేమంటారు?

హాప్‌తీగ (సైనిక్‌పురి):
మీ సీనియర్ చెప్పిందే కరెక్ట్. హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే ఎండు పూలు) సంగతే చూడు. వాటిలోని ఆల్ఫా ఆమ్లాలు మరిగాక రూపం మారితేనే బీరులోకి చేదు సరిగ్గా దిగుతుంది. హాప్స్‌ను పొడి చేసి ఒత్తిన గుళిక నమిలితే నాలుక మీద జిగట చేదు తప్ప ఏమీ తెలియదు. ఈస్ట్ ఇచ్చే రుచులైతే అసలు ముందు ఉండనే ఉండవు. గోధుమ బీరులో అరటిపండు వాసన, లవంగం ఘాటు ఏ దినుసులో ఉన్నాయి? పులిసేటప్పుడు పుట్టేవే కదా.

పోయిన ఎండాకాలం నేను పనిచేసే చోట బంగినపల్లి గుజ్జు వేశాం. చెంచాతో తింటే అమృతంలా ఉంది. చక్కెరంతా ఈస్ట్ తినేశాక మిగిలింది పలచటి పులుపు, తొక్క దగ్గరి సొన వాసన. ముందు రుచి చూడబట్టే మేం మోసపోయాం. ఆ నమ్మకంతోనే పెద్ద బ్యాచ్‌కు వెళ్లాం.

డల్లాస్‌అన్న:
మాది మలక్‌పేట, ఇప్పుడు అమెరికాలో ఉంటున్నా. ఇక్కడ 1978లో చట్టం మార్చారు కాబట్టి సొంత వాడకానికి గ్యారేజీలో బీరు చేసుకుంటాను. తమ్ముడూ, హాప్‌తీగ చెప్పిన మామిడి సంగతి నిజమే, కానీ అక్కడ తప్పు రుచి చూడటంలో లేదు, చూసిన పద్ధతిలో ఉంది. మాల్ట్‌ను (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) కూడా ఊరికే నమిలితే సగమే తెలుస్తుంది. 50 గ్రాములు మెత్తగా పొడి చేసి, 65 డిగ్రీల నీళ్లు 400 మిల్లీలీటర్లు పోసి, ఫ్లాస్కులో బాగా కుదిపి 15 నిమిషాలు ఉంచి వడకట్టు. ఆ కషాయం వోర్ట్‌కు, అంటే మాల్ట్ నుంచి దిగిన, ఇంకా పులియని తీపి నీళ్లకు దగ్గరగా ఉంటుంది. బాగా మాడ్చిన నల్ల మాల్ట్ అయితే కొంచెమే తీసుకుని మిగతాది మామూలు మాల్ట్‌తో నింపు, లేకపోతే మాడు చేదు తప్ప ఏమీ తెలియదు.

అయినా నమలడం మానొద్దు. వానాకాలంలో మూత సరిగ్గా పెట్టని సంచిలోని మాల్ట్ మెత్తబడ్డ మరమరాల్లా ఉంటుంది. కరకరలాడకపోతే పక్కన పెట్టెయ్. పాత హాప్స్ అరచేతిలో నలిపితే చీజ్ కుళ్లిన వాసన కొడతాయి. ఇవి బ్యాచ్ అయ్యాక తెలిసి ఏం లాభం?

హాప్‌తీగ:
చెడిపోయిన సరుకు పట్టుకోవడానికి అయితే ఒప్పుకుంటా అన్నా. నా అభ్యంతరం రుచి ఎలా వస్తుందో ముందే చెప్పగలం అనే మాట మీదే.

మసాలాడబ్బా (బేగంబజార్):
మాది కిరాణా హోల్‌సేల్ కొట్టు, అందుకే ధనియాల గురించి మాత్రమే చెబుతాను. మార్కెట్లో రంగును బట్టి ఈగిల్, బాదామి అని గ్రేడ్లు ఉంటాయి, కానీ మీకు కావాల్సింది వాసన. రెండు మూడు రకాలు తెచ్చి వేళ్లతో నలపండి. ఒకదాంట్లో నిమ్మ, నారింజ లాంటి వాసన వస్తుంది, ఇంకోదాంట్లో పచ్చి ఆకుకూర వాసన. నిలవ సరుకైతే ఏమీ రాదు. చారుపొడికి వేయించినట్టు వేయించకండి, ఆ పైవాసన పోతుంది. నారింజ తొక్కలో తెల్లటి పొర కొంచెం నమిలి చూస్తే, దాన్ని ఎందుకు తీసేయాలో వెంటనే అర్థమవుతుంది.

బార్లీగింజ:
థాంక్స్ అక్కా. రాత్రి మూడు కొట్ల ధనియాలు నలిపి చూశాను, ఒకటి నిజంగానే పచ్చి వాసన. అది తీసేశాను. మిగిలినవాటిలో బాగున్నదాన్ని దంచి వోడ్కాలో నానబెట్టాను. 100 మిల్లీలీటర్ల మామూలు బీరులో చుక్క చుక్కగా కలిపి చూస్తా. అర మిల్లీలీటరు సరిపోతే 20 లీటర్లకు 100 మిల్లీలీటర్లు.

నీళ్లు కూడా రుచి చూశాను. ఆ రోజు కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన బాగా తెలుస్తోంది. అలాగే వాడితే బీరులో మందుల వాసన వస్తుందని చదివాను, కాబట్టి కార్బన్ ఫిల్టర్ నీళ్లే పోస్తాను. ఇది నాలుక మీద పెట్టకపోతే నాకు తెలిసేది కాదు.

హాప్‌తీగ:
వోడ్కాలో దిగే రుచి వేరు, మరిగే వోర్ట్‌లో దిగే రుచి వేరు. నానబెట్టినదాన్ని పులిశాకే కలుపుతావు కాబట్టి నీ లెక్క కొంతవరకు పనిచేస్తుంది. కానీ రుజువు కావాలి. సగం బ్యాచ్‌కు నీ కొలత, సగానికి మీ సీనియర్ చెప్పే మామూలు కొలత, అంటే 20 లీటర్లకు 20 గ్రాముల లెక్కన మరుగులో వెయ్యి. తర్వాత గుర్తులు లేని మూడు గ్లాసులు: రెండిట్లో ఒక బీరు, మూడోదాంట్లో రెండోది. వేరుగా ఉన్నది ఏదో పదిమందిలో ఎందరు పట్టుకుంటారో, ఏది నచ్చిందంటారో ఇక్కడ రాయి.

బార్లీగింజ:
సరే అన్నా. శనివారం చేస్తున్నా. మూడు వారాలకు గ్లాసులు పెడతాను, మా సీనియర్‌ను కూడా కూర్చోబెడతాను.