నూర్ ఇనాయత్ ఖాన్‌ని ‘భారత వీరవనిత’ అనొచ్చా?

తెనాలి మనవడు:
మా అమ్మాయి కాలేజీలో నూర్ పోస్టర్ పెట్టారు, కింద ‘భారత వీరవనిత’ అని. టిప్పు సుల్తాన్ వంశం, సరే. కానీ 1942 ఆగస్టు 12న తెనాలిలో ఏడుగురిని కాల్చి చంపిన ప్రభుత్వం ఎవరిది? మరుసటి ఏడాది జూన్‌లో ఈమె ఆ బ్రిటన్ గూఢచారిగానే, రేడియోలో రహస్య సందేశాలు పంపడానికి, జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లో దిగింది. ఆ ఏడుగురి స్మారకమున్న రణరంగ చౌక్ మీదుగా బడికెళ్ళినవాణ్ణి, నాకు మింగుడు పడట్లేదు.

గుంటూరు మిర్చి:
అన్నయ్యా, ఆవిడ పోరాడింది హిట్లర్‌తో, మనతో కాదు. పెరిగింది పారిస్ పక్కనే. సొంత ఊరు పోతే ఊరుకుంటారా?

బెజవాడ బాబాయ్:
వీరత్వం వేరు, పనితనం వేరు. పంపిన సందేశాలన్నీ నోట్‌బుక్కులో రాసి దాచింది. అది జర్మన్లకు చిక్కింది. ఆమె పేరుతో వాళ్ళే లండన్‌కి సందేశాలు కొట్టి, పారాచూట్‌లో దిగినవాళ్ళని దిగినట్టే పట్టుకున్నారు.

తంతి మాస్టారు:
బాబాయ్ గారూ, నేను గుంటూరు తంతి ఆఫీసులో మోర్స్ కీ (చుక్కలూ గీతలుగా టెలిగ్రాం కొట్టే మీట) ముందు కూర్చున్నవాణ్ణి. ఆమెకిచ్చిన ఆర్డరులో సందేశాల ‘ఫైలింగ్’ జాగ్రత్త అని ఉందట. మా భాషలో టెలిగ్రాం ఫైల్ చేయడమంటే పంపడానికి దాఖలు చేయడం. బయటివాళ్ళకి ఫైల్ అంటే దాచిపెట్టడం. ఆమె దాచమనే అర్థం చేసుకుందని కొందరు చరిత్రకారుల మాట. ట్రైనింగ్ పూర్తికాకుండానే పంపారు కదా!

ఇంకోటి. అవతల కీ మీద ఎవరున్నారో చుక్కా గీతా కొట్టే తీరులోనే మాకు తెలిసిపోయేది. ‘ఇవాళ చెయ్యి మారిందే’ అనుకునేవాళ్ళం. జర్మన్లు ఆమె పేరుతో కొట్టినప్పుడు లండన్‌కీ ఆ అనుమానం రావాలిగా! నూర్ పట్టుబడిందని కబురందినా లండన్ ఆఫీసు లెక్కచేయలేదు. ఈ తప్పు ఎవరి ఖాతాలో రాస్తారు?

ఆమె దిగిన పది రోజుల్లోపే పారిస్‌లో ఆమె పనిచేసే గూఢచారుల నెట్‌వర్క్ కూలింది. వెనక్కి రమ్మంటే రానంది. ఇళ్ళు మారుస్తూ అక్టోబర్ దాకా నెట్టుకొచ్చింది. ఓసారి చెట్టుకి ఏరియల్ తీగ కడుతుంటే ఓ జర్మన్ అధికారే సాయం పట్టాడట, పాటలు వినడానికనుకుని! పట్టుకున్నాక పది నెలలు గొలుసులేసి ఉంచినా నోరు విప్పలేదు. 1944 సెప్టెంబర్ 13న డాకౌ నాజీ నిర్బంధ శిబిరంలో కాల్చేశారు. 30 ఏళ్ళు.

బెజవాడ బాబాయ్:
ఫైలింగ్ సంగతి తెలీదండీ. నా మాట వెనక్కి తీసుకుంటున్నా, సగం. రాసి పెట్టుకోవడం తప్పే.

తెనాలి మనవడు:
ధైర్యం కాదనను మాస్టారూ. ‘భారత’ దగ్గరే నా పేచీ.

గుంటూరు మిర్చి:
1939లో ఆవిడ పిల్లల కోసం జాతక కథలు, అంటే బుద్ధుడి పూర్వజన్మల కథలు, ఇంగ్లీషులో అచ్చేసింది. మన అమరావతి శిల్పాల్లోనూ ఉన్నవి జాతక కథలే. పోస్టర్లో అదన్నా రాశారా?

తెనాలి మనవడు:
లేదమ్మా. చేతికో తుపాకీ ఇచ్చారు. రేడియో కూడా లేదు.